నలభై నిమిషాల లోతు

హారన్లు వినడం అప్పట్లో నా ఉద్యోగం. ఈ మాట చెప్పగానే జనం నవ్వేవారు, అందుకని "క్వాలిటీలో ఉన్నాను" అని చెప్పుకునేవాణ్ని. కోలారు దగ్గర నరసాపురం ఇండస్ట్రియల్ ఏరియాలో స్కూటర్లకు హారన్లు తయారుచేసే చిన్న కంపెనీ అది. అక్కడ నాకొక గది ఇచ్చారు. గది అంటే కాస్త పెద్ద మాట. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, గోడలకు నల్ల స్పాంజి. తలుపుకు గడియ బయటివైపు మాత్రమే ఉండేది. ఒక కంతలోంచి హారన్ వస్తుంది, నేను మోగిస్తాను, ఇంకో కంతలోంచి పోతుంది. ఎంత గట్టిగా మోగిందో మీటరు చూసుకుంటుంది. ఎంత మర్యాదగా మోగిందో నేను చూసుకోవాలి. బి.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ని కాబట్టి ఆ మాత్రం బాధ్యత అప్పగించారు.

ఇల్లు కె.జి.ఎఫ్‌లో. బంగారు గనులు మూసేశాక మా ఊళ్లో మిగిలిన పరిశ్రమ ఒక్కటే, తెల్లవారగానే ఊరు వదిలి పోవడం. సగం మంది ట్రైనెక్కి బెంగుళూరు పోతారు, మాలాంటివాళ్లు కంపెనీ బస్సెక్కి నరసాపురం పోతారు. సాయంత్రానికి అందరూ తిరిగొచ్చి ఊరు ఉందో లేదో చూసుకుంటారు. మాది గనివాళ్ల పాత లైనిల్లు. రెండు గదులు, పైన రేకులు, అటు గోడ ఒకరిది, ఇటు గోడ ఇంకొకరిది. అందులో మా నాయన, మా అమ్మ, ముప్పై ఏళ్ల నేను, నా సెకండ్ హ్యాండ్ కంప్యూటరు. నలుగురిలోకీ ఎక్కువ చప్పుడు చేసేది కంప్యూటరే.

ఎలక్ట్రానిక్ సంగీతం నాకు కాలేజీ ల్యాబులో అంటుకుంది. అక్కడొక సిగ్నల్ జనరేటరు ఉండేది. మిగతావాళ్లు సర్క్యూటు పరీక్షించుకుని, రికార్డు రాసుకుని వెళ్లిపోయేవారు. నేను ఆ ఒక్క స్వరం వింటూ కూర్చునేవాణ్ని. తర్వాత మా చర్చిలో ఆదివారాలు కీబోర్డు వాయించాను. ఒకసారి ప్రార్థన కింద ఒకే స్వరాన్ని నిమిషం పాటు పట్టి ఉంచితే, పాస్టరుగారు ఒక కన్ను తెరిచి ప్రార్థన ముగించారు. ఆ తర్వాత నా ప్రయోగాలన్నీ ఇంట్లోనే.

అలాంటి రోజుల్లో బెంగుళూరులోని ఒక కళాకేంద్రం ప్రకటన చూశాను. ఎలక్ట్రానిక్ సంగీతంలో కొత్త రచన చేయదలచినవాళ్లు పూర్తి ప్లానూ, చిన్న నమూనా రికార్డింగూ పంపాలి. ఒక్కరిని ఎంపిక చేస్తారు. ఆ ఒక్కరికి ఆరు నెలలు స్టూడియో, ఉండటానికి గది, తిండికి సరిపడే భృతి ఇస్తారు. చివర్లో ఎనిమిది స్పీకర్లున్న హాల్లో ప్రదర్శన. రచన నలభై నిమిషాలకు మించకూడదు. బస్సు కోలారు దాటేలోపు ఆ ప్రకటన మూడుసార్లు చదివాను. ఆరు నెలల తర్వాత హారన్ల దగ్గరికి తిరిగి రావాల్సిన పని ఉండదని ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. ఆ వాక్యం నేనే రాసుకున్నాను.

నా ఆలోచన ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నలభై నిమిషాల పాటు కిందికి దిగడం.

ఒక నాదం, ఎవరికీ తెలియనంత నెమ్మదిగా మంద్రానికి జారుతుంది. ఎనిమిది స్పీకర్లను అందరిలా చుట్టూ పెట్టకుండా పైనుంచి కిందికి పెడతాను. రెండు కప్పు దగ్గర, రెండు తల ఎత్తున, రెండు మోకాళ్ల దగ్గర, రెండు నేల కింద. శబ్దం కప్పు దగ్గర మొదలై జనం మీదుగా దిగి వాళ్ల కాళ్ల కిందికి పోవాలి. లోతుకు పోయేకొద్దీ గనిలో వేడి, అందుకని దిగేకొద్దీ శబ్దంలో పదును కరిగిపోవాలి. ముప్పయ్యో నిమిషంలో ఏర్ బ్లాస్ట్. భూమి లోపల రాయి ఒత్తిడికి పగలడాన్ని మా ఊళ్లో అలా అంటారు. అది పగిలినప్పుడు పైన వంటింట్లో గిన్నెలు గలగలమని చెప్పేవి. నా రచనలో పగులు వినిపించదు, గిన్నెలే వినిపిస్తాయి. చివర్లో నీళ్లు. ఇప్పుడు గని నిండా నీళ్లే కదా. నలభయ్యో నిమిషంలో అంతా నేల కిందికి చేరి ఆగిపోతుంది.

ఇదంతా గ్రాఫ్ కాగితాల మీద సిరాతో గీసి, షీటు పక్కన షీటు పరిచాను. వీధి తలుపు దగ్గర మొదలైన రచన పొయ్యి దగ్గర ముగిసింది.

మా అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దాటుతూ, "అడుగు పెట్టేదానికి తావు లేకుండా చేసినావే. ఏందిరా ఇది, తాలూకాఫీసు మ్యాపా?" అంది.

"మ్యూజిక్ అమ్మా."

"యాడ తొక్కినా ఏమీ మోగలేదే."

పక్కింటావిడకు మాత్రం మోగింది. మధ్యన గోడ పల్చన. తమిళావిడ, మా లైనులో అందరి ఇళ్లలో ఏం ఉడుకుతోందో వాసన చూసి చెప్పగలదు. రెండో రోజు గుమ్మంలోకొచ్చి, "ఏం తంబీ, మీ ఫ్రిజ్జు శానా కష్టపడతా ఉండాది" అంది.

"అది ఫ్రిజ్జు కాదక్కా, నేను చేసిన మ్యూజిక్."

ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మెకానిక్కు వద్దులే" అని జాలిగా వెళ్లిపోయింది.

మా నాయన గురించి చెప్పాలి. ఆయన గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. గని నోట్లోంచి మనుషుల్ని కిందికి దించే, పైకి ఎత్తే కేజీని, అంటే తాడుకు వేలాడే ఇనప బోనుని, నడిపేది ఆయనే. డ్రైవరుకు కేజీ కనపడదు. ఇంజన్ రూములో కుర్చీ, చేతిలో లివరు, ఎదురుగా లోతు చూపించే ముల్లు, చెవిలో బెల్లు, అంతే. తాడు చివర మనుషులున్నంత సేపూ ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. ఆ మాట రాసిన బోర్డు ఒకటి ఆయన నెత్తి మీద వేలాడుతుండేది. గని మూసేశాక ఆయన ఆ బోర్డు ఇంటికి తెచ్చుకున్నాడని మా అమ్మ అంటుంది. ఇంట్లో అలాంటి బోర్డేమీ లేదు. అయినా ఆమె చెప్పేది నిజమే.

ఇంకో రూలు కూడా ఉంది. తర్వాతి షిఫ్టు డ్రైవరు వచ్చి చేయి వేసేదాకా ఇప్పటి డ్రైవరు లివరు వదలకూడదు. చివరి రోజు చివరి షిఫ్టు మా నాయనది. అందరూ పైకొచ్చేశారు, దండలేసుకున్నారు, ఏడ్చుకున్నారు, ఇళ్లకు పోయారు. తర్వాతి షిఫ్టు లేదు కాబట్టి తర్వాతి డ్రైవరు రాలేదు. ఈయన కూర్చునే ఉన్నాడు. పొద్దు వాలాక మా అమ్మ వెళ్లి రిలీవ్ చేసింది. ఆమెకు డ్రైవరు సర్టిఫికెట్ లేదు.

నా రచన బెల్లులతో మొదలవ్వాలని నా కోరిక. బెల్లుల భాష చిన్నది. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారని. డ్రైవరు తిరిగి మూడు కొట్టాలి, అంటే మనుషులని నాకు తెలిసింది అని. ఆ తర్వాత రెండు కొడితే దించమని, ఒకటి కొడితే ఎత్తమని. కంప్యూటర్లో ఆ మూడు బెల్లులు తయారుచేసి మోగించాను. పక్క గదిలోంచి మా నాయన గొంతు వినిపించింది.

"ఆ బెల్లుకు నేను కదలను."

నా సంగీతం మీద వచ్చిన తొలి విమర్శ అది.

"ఏంటికి నాయనా?"

"మూడు కొట్టినావా, రెండు కొట్టి మర్చిపోయి ఇంగొకటి కొట్టినావా? తెలీలేదు. తెలీకపోతే కదిలేదానికి లేదు."

అలాగైతే నువ్వే వచ్చి నాతో కొట్టు అన్నాను. ఆయన లేచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వీధి తలుపు నుంచి పొయ్యి దాకా నా గ్రాఫు వెంబడి నడిచాడు. గీతలు చదవడం ఆయనకు ఒకరు నేర్పనక్కర్లేదు. పొయ్యి దగ్గర ఆగి గోడ వైపు చూశాడు.

"ఇంగ?"

"ఇంతే నాయనా. అయిపాయె."

"అయిపాయె అంటే? దించినావు. ఎత్తేది యాడ?"

"ఎత్తేది లేదు. అడుగున ఆగిపోతుంది. అదే దాంట్లో విషయం."

"మూడు కొట్టి దించితివి కదప్పా. మూడంటే మనుషులు."

"ఇది మ్యూజిక్ నాయనా."

"కాదని ఎవురన్నారు? ఆ మనుషులు ఇంటికెట్ల పోతారు అంటా ఉండా." మళ్లీ గ్రాఫు వైపు చూశాడు. "పైగా నలభై నిముసాలు తాడు మీద ఏలాడదీసినావు పాపం."

ఎత్తేది గీస్తేనే బెల్లు ముట్టుకుంటానన్నాడు. సరే, ఎత్తడం అయిదు నిమిషాల్లో ముగిస్తానన్నాను. "ఆ స్పీడు రాళ్లకి. మనుషులకి లేదు. దించిన స్పీడుకే ఎత్తాల" అన్నాడు. ఇంత మాట్లాడిన రోజు ఆయన జీవితంలో తక్కువ. నా గడువు పది రోజులుంది.

కాబట్టి ఇంకో కట్ట గ్రాఫ్ కాగితాలు కొన్నాను. ఎత్తడాన్ని కూడా నలభై నిమిషాలు గీశాను. రచన పొయ్యి దగ్గరినుంచి బయల్దేరి పెరటి తలుపు దాటి కొళాయి దాకా పోయింది. ఇక్కడొకటి ఒప్పుకోవాలి. వాటిని పంపే ఉద్దేశం నాకు గీస్తున్నప్పుడే లేదు. దిగేదాన్ని సిరాతో గీశాను, ఎక్కేదాన్ని పెన్సిలుతో గీశాను. మా నాయన కళ్లజోడు పెట్టుకుని కొళాయి దాకా నడిచి, "ఇంగ సరి" అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక రికార్డింగు. పాత డ్రిల్లు రాడ్డు ముక్కలు రెండు, ఒకటి పెరటి గుమ్మానికి, ఒకటి వీధి గుమ్మానికి కట్టాము. ఇద్దరికీ చెరొక స్పానరు. గని లోపలి బెల్లు కొట్టేవాణ్ని నేను, డ్రైవరు ఆయన. పది నిమిషాల పని అనుకున్నాను. బెల్లులు దొరికితే చాలు, మధ్యలో ఉండాల్సింది కంప్యూటరు చూసుకుంటుంది.

నేను మూడు కొట్టాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కొట్టాను. మళ్లీ ఊపాడు.

"బిచ్చగాడు తలుపు తట్టినట్ల కొట్టొద్దప్పా. పోలీసోడు తట్టినట్ల కొట్టు."

అయిదోసారికి పోలీసునయ్యాను. ఆయన తిరిగి మూడు కొట్టాడు. ఒకే కత్తితో కోసినట్టున్నాయి ఆ మూడు. నా మూడు వాటి పక్కన సిగ్గుపడ్డాయి. నేను రెండు కొట్టాను, దించమని. ఆయన కుడిచేయి మోకాలి మీద పెట్టుకుని గోడ గడియారం వైపు చూపు నిలిపాడు. నేను రికార్డరు ఆపడానికి వంగాను. ఆయన తల తిప్పకుండా ఎడమచేతి వేలొకటి ఎత్తాడు.

కూర్చోమని. తాడు మీద మనుషులున్నారు.

కూర్చున్నాను. పక్కింట్లో కుక్కరు ఈలేసింది. మా అమ్మ వంటింట్లోంచి, "అన్నం పెట్టేదా?" అని అడుగుతూ వచ్చి, ఆ వేలు చూసి, అడిగింది వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. ఈ వేలు పెళ్లైన కొత్తలో ఆమెను చాలా ఏడిపించిందట. పదో నిమిషంలో నా కాలు తిమ్మిరెక్కింది. ఇరవయ్యో నిమిషంలో ఇది నలభైతో ముగియదని, ఎనభై అని అర్థమైంది. నాలుగడుగుల గదిలో అయిదేళ్లుగా కూర్చుంటున్నవాణ్ని, కూర్చోవడం నాకొచ్చనుకున్నాను. ఆయన కూర్చోవడం వేరు. మోకాలి మీద ఉన్న ఆ కుడిచేతికి ఏదో బరువు వేలాడుతున్నట్టుగా కూర్చున్నాడు. గుటక వేసినప్పుడు కూడా నెమ్మదిగా వేశాడు, కేజీ కుదుపుతుందేమో అన్నట్టు. గడియారం చూడకుండానే వాళ్లు ఎంత లోతులో ఉన్నారో నాకు ఆయన మెడ నరాల్లో తెలుస్తూ వచ్చింది.

నలభయ్యో నిమిషంలో తల ఊపాడు. నేను మూడు, ఆయన మూడు, నేను ఒకటి. ఇంకో నలభై నిమిషాలు. ఆఖరికి స్పానరు లుంగీకి తుడుచుకుని, "వచ్చేసినారు" అని, మా అమ్మ వైపు తిరిగి, "ఇంగ పెట్టు" అన్నాడు.

కొరియరుకు చివరి రోజు నాది మొదటి షిఫ్టు. సిరాతో గీసిన షీట్లూ, నమూనా రికార్డింగూ, నలభై నిమిషాలు అని రాసిన ఫారమూ ఒక కవరులో పెట్టి బల్ల మీద ఉంచాను. పెన్సిలు షీట్లు మంచం కిందికి తోశాను. కవరు రాబర్ట్‌సన్‌పేటలో కొరియరుకు ఇచ్చి రమ్మని మా నాయనకు చెప్పి బస్సెక్కాను. సాయంత్రం వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. ముఖం వెలుగుతోంది.

"ఇచ్చేసినా. నువ్వు సగం మర్చిపోయి పోయినావు, మంచం కింద ఉండె. నేను చూసినా కాబట్టి సరిపాయె. అన్నిటికీ నంబర్లేసి పెట్టినా, వాళ్లు తికమక పడకుండా."

డ్రైవరు రిజిస్టరు సగం రాసి ఇవ్వరు. దించినది ఒక గడిలో రాస్తే, ఎత్తినది పక్క గడిలో రాయాల్సిందే. ముప్పై ఏళ్లు అలా రాసిన మనిషికి సగం కట్ట ఇచ్చి పంపించడం నా తెలివి.

"మంచిది నాయనా" అన్నాను.

అయినా ఇంటర్వ్యూకి పిలిచారు. బల్లకు అటువైపు ముగ్గురు, మధ్యలో ఒక మేడమ్. బల్ల మీద నా షీట్లు, ప్రతి షీటు మూలా మా నాయన బాల్ పెన్ను అంకెలు, గుండ్రంగా, అధికారికంగా. వాళ్లకు దిగడం నచ్చింది. గిన్నెలు నచ్చాయి. అన్నిటికంటే బెల్లులు నచ్చాయి.

"తిరిగి మూడు కొట్టేది ఎవరండీ?" అని మేడమ్ అడిగింది. తెలుగులోనే. బెంగుళూరులో అందరికీ అన్నీ కొంచెం వచ్చు.

"మా నాయన."

"మ్యుజీషియనా?"

"ఇంజన్ డ్రైవరు మేడమ్."

ముగ్గురూ దాన్ని గౌరవంగా రాసుకున్నారు. తర్వాత ఆమె ఫారం తిప్పింది. "ఇక్కడ నలభై నిమిషాలని ఉంది. ప్లాను మాత్రం ఎనభై ఉంది."

"రెండో సగం పొరపాటున వచ్చింది మేడమ్" అన్నాను. ఏమీ తడబడకుండానే అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. "మేమూ అదే అనుకున్నాం. అడుగున ఆగిపోవడంలోనే దీని బలమంతా ఉంది. చీకటి, నీళ్లు, అంతే." పక్కనున్న గడ్డమాయన, "మళ్లీ పైకి రావడమంటే మరీ ఆశావాదం అయిపోతుంది" అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. మా ఊరి నుంచి వచ్చినవాడిగా ఆశావాదం తరఫున వాదించే బాధ్యత నాకేమీ లేదు.

దిగడం వరకే చేస్తానని సోమవారం మధ్యాహ్నంలోగా ఫోన్లో ఖాయం చేస్తే, ఉత్తరం పంపిస్తామన్నారు. సాయంత్రం ట్రైన్లో బంగారుపేట దాకా నిలబడి వచ్చాను. కాళ్లు నొప్పని అనిపించలేదు. కంపెనీలో ఎవరికి ఏ మాట చెప్పి మానేయాలో వరసగా అనుకుంటూ వచ్చాను. ఇంట్లో ఏం చెప్పాలో మాత్రం అనుకోలేదు.

"ఏమన్నారప్పా?" అని మా నాయన అడిగాడు. మా అమ్మ కూరగాయలు తరుగుతోంది.

"ఇచ్చినట్లే నాయనా. సగం చాలన్నారు."

"ఏ సగం?"

కత్తిపీట చప్పుడు ఆగింది.

"దిగేది."

ఆయన మంచం కిందికి వంగి చూశాడు. ఆ తర్వాత, "అయితే మంచం కింద ఉండింది మర్చిపోయి కాదు" అన్నాడు.

"కాదు నాయనా."

"ఊ."

మా అమ్మ మళ్లీ తరగడం మొదలుపెట్టింది, కాస్త గట్టిగా. అన్నాల దగ్గర కూర్చున్నాక ఆయనే మళ్లీ కదిపాడు. "ఒక పని చెయ్. మొదట కొట్టిన మూడూ తీసెయ్, నాది కూడా. రెండు మాత్రం పెట్టుకో. మనుషులు కాదు, రాళ్లు అనుకుంటాము."

నాకు దారి చూపిస్తున్నాడు. అది తెలిసీ నోరు ఊరుకోలేదు. "రాళ్లు పైకొస్తాయి గానీ ఎవరన్నా కిందికి దించుతారా నాయనా?"

ఆయనకు నవ్వొచ్చింది. "అవును గదా." ముద్ద కలుపుతూ ఇంకాసేపు ఆలోచించాడు. "ఖాళీ కేజీ అనుకో పో. పాటే కదప్పా. దాంట్లో ఎవురుండారు?" అని లేచి చేయి కడుక్కోవడానికి వెళ్లాడు. అన్నం సగం అలాగే ఉంది.

ఆదివారం చర్చికి పోకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాను. నా మూడు బెల్లులూ, ఆయన మూడు బెల్లులూ తీసేయడం రెండు క్షణాల పని. తీసేశాను. మొదటినుంచి విన్నాను. రెండు బెల్లులు, ఆ తర్వాత ఆయన కూర్చుని ఉన్నాడు. కుర్చీ కిర్రుమంది. పక్కింటి కుక్కరు. మా అమ్మ అడిగి ఆగిన మాట. ఆయన ఊపిరి. రికార్డింగు అయ్యాక, ఈ నిశ్శబ్దం మీదే నా నాదాన్ని పరవాలని ప్లాను మార్చుకున్నాను. అది లేకుండా, నలభై నిమిషాలూ ఉత్త ఊపిరే విన్నాను. కేజీ ఖాళీగా ఉంటే ఈ మనిషి ఇంత జాగ్రత్తగా ఎందుకు గాలి పీలుస్తున్నాడో ఎవరికీ అర్థం కాదు. నలభయ్యో నిమిషంలో, నేను స్పానరు ఎత్తుతున్న చప్పుడు దగ్గర, కోసేశాను. ఆయన పీల్చిన ఊపిరి అక్కడే నిలిచిపోయింది.

మళ్లీ అతికించాను. మళ్లీ కోశాను. చేసిన పనిని వెనక్కి తీసుకునే మీట ఒకటి ఉంటుంది, ఆ రోజు దానికి క్షణం తీరిక లేదు. మొత్తం ఎనభై నిమిషాలనూ నలభైలోకి వచ్చేట్టు వేగం పెంచి చూశాను. ఆయన ఊపిరి కుక్క రొప్పినట్టయింది, ఆ బెల్లులు సైకిలు గంటలయ్యాయి. చెరిపేశాను. వంటింట్లోంచి మా అమ్మ, "అయిందా లేదా?" అని అడిగింది. అయింది అన్నాను. కోసిన ఫైలునే ఉంచి పడుకున్నాను. ఖాయం చేయాలనే పడుకున్నాను. అది స్పష్టంగా గుర్తుంది.

సోమవారం టీ బ్రేక్‌లో, కంపెనీ వెనక సైకిల్ స్టాండు దగ్గర నిలబడి మేడమ్‌కు ఫోన్ చేశాను.

"ఖాయమే కదండీ?" అంది ఆమె ఉత్సాహంగా.

"మేడమ్, అది ఎనభై నిమిషాలే వస్తుంది."

ఈ మాట ఎవరన్నారా అని నేనే ఒక క్షణం చూసుకున్నాను.

"నలభై దాటితే మా రూలు ఒప్పుకోదండీ. చెప్పాం కదా."

"అవును మేడమ్. మా ఇంట్లోనూ ఒక రూలుంది."

"ఏంటది?"

"దించినవాళ్లని ఎత్తాలి."

ఆమె మంచి మనిషి, విసుక్కోలేదు. "ఇది మ్యూజిక్ కదండీ. అందులో నిజంగా ఎవరూ లేరు కదా."

"నేనూ మా నాయనతో అదే అంటిని మేడమ్."

"ఆయన ఏమన్నారు?"

"ఆయన ఒప్పుకున్నాడు మేడమ్. ఎవురూ లేరన్నాడు."

"మరి?"

పక్కనున్న సైకిలు సీటు మీది దుమ్ము తుడిచాను. ఆ మాటకు జవాబు దొరికుంటే ఇప్పుడైనా రాసేవాణ్ని. ఆమె ఇంకో రోజు గడువు ఇస్తానంది. వద్దన్నాను. ఇంకో రోజిస్తే ఒప్పుకునేవాణ్ని, అది నాకు తెలుసు. టీ బ్రేక్ ఐదు నిమిషాలే, లోపలికి పోయాను. ఆ రోజు హారన్లలో ఎన్నో గరగరలు వదిలేసి ఉంటాను. కొన్నాళ్ల పాటు రోడ్డు మీద ఏ స్కూటరు బొంగురుగా అరిచినా ఆ సోమవారందేమో అనిపించేది.

ఇదేదో గొప్ప పని చేశానని అప్పుడూ అనిపించలేదు. వారం రోజులు మా నాయన ముఖం చూస్తే కోపమొచ్చేది. ఆయన బనీను మీద, ఆయన దగ్గు మీద, ఆయన చెంచా పళ్లెంలో పెట్టే పద్ధతి మీద కూడా వచ్చింది. నేను మాట్లాడకపోవడం ఆయన గమనించనేలేదు. మా ఇంట్లో అదొక చిక్కు. కోపం చూపించాలంటే మాట్లాడాలి.

చివరికి ఆయనే అడిగాడు. "బెంగుళూరికి ఎప్పుడు పోవాల?"

"పోయేది లేదు నాయనా. వేరేవాళ్లది బాగుందంట."

"నేను నంబర్లేసి పంపిస్తినే, దానివల్ల ఏమన్నా..."

"కాదు. ఆ నంబర్లు బాగున్నాయన్నారు."

ఆయన నమ్మాడు. ఆయనతో నేను ఆడిన అబద్ధాల్లో నెగ్గింది అదొక్కటే.

ఆ అవకాశం బెంగుళూరు అబ్బాయికి వచ్చింది. ఏడాది చివర్లో అతని ప్రదర్శనకు నాకూ ఆహ్వానం పంపారు. మేడమ్ మర్చిపోలేదు. శనివారం సగం షిఫ్టు చేసి వెళ్లాను. ఎనిమిది స్పీకర్లు, అందరూ పెట్టినట్టే చుట్టూ పెట్టారు. వాన గురించిన రచన. బాగుంది. బాగోలేదని చెప్పగలిగితే తేలికగా ఉండేది. సరిగ్గా నలభై నిమిషాలకు చినుకులు తగ్గి ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టి, లేచి, కాఫీ దగ్గరికి వెళ్లారు. నేను కూర్చునే ఉన్నాను, ఇంకా సగం ఉందన్నట్టు. కుర్చీలు సర్దే మనిషి వచ్చి, నా వరసలో మిగతావన్నీ మడిచి, నా ముందు ఆగి, కన్నడంలో "అయిపోయింది సార్" అన్నాడు.

"అవునా" అని లేచి, కుర్చీ నేనే మడిచి ఇచ్చాను. బయటికొచ్చి చూసుకుంటే, మా ఊరి ట్రైనుకు ఇంకా చాలా టైముంది.